ఆరు కవర్లు, రెండు గిన్నెలు

తెలంగాణ ఆహార భద్రత కమిషనర్ గారికి, ఆరోగ్య శాఖ పెద్దలకు,

నమస్కారం. నేను సికింద్రాబాద్ వైపు ఒక పాత ఇంట్లో అద్దెకుంటున్న గృహిణిని. పుట్టిల్లు ఆర్మూరు దగ్గర. ఈ ఉత్తరం కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

మా పాపకు ఏడాదిన్నర దాటాక మట్టి తినడం అలవాటైంది. మట్టి దొరక్కపోతే గోడ సున్నం, అదీ దొరక్కపోతే కిటికీ చువ్వలు నాకడం. "రక్తం తక్కువుంటే పిల్లలు అట్లనే చేస్తరు, ఐరన్ మందు పొయ్యి" అంది మా అత్తమ్మ. చూపిస్తే నిజంగానే రక్తం తక్కువుంది. పిల్లల డాక్టరు గారు ఐరన్ సిరప్ రాసి, కలం మూత పెట్టబోతూ ఆగి, "మీది పాత ఇల్లా అమ్మా?" అని అడిగారు. అవునన్నాను. చీటీ మీద ఇంకో పరీక్ష రాశారు.

ఆ చీటీ పట్టుకుని ఒక ల్యాబుకు పోయాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు ఇంగ్లిషులో రాసిన ఆ నాలుగక్షరాలను 'లీడ్' అని చదివాడు. "ఈసీజీ ఇక్కడ తియ్యం మేడం, పక్క గల్లీల" అన్నాడు. ఈసీజీ తీసేటప్పుడు ఛాతీకి తగిలించే తీగల్ని లీడ్లంటారని నాకప్పుడే తెలిసింది. "లీడ్ కాదు బాబూ, లెడ్. సీసం" అన్నాను. "సీసానికి టెస్టేంది మేడం?" అని నవ్వాడు. రెండో ల్యాబు వాళ్లు తీసుకున్నారు గానీ నమూనా బొంబాయి పోవాలన్నారు. పదో రోజున ఫోన్లో రిపోర్టు వచ్చింది. డెసిలీటరు రక్తంలో 8.2 మైక్రోగ్రాములు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన గీత 5. అది దాటితే సీసం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపమంటుంది. అమెరికా వాళ్లు అదే ఏడాది తమ గీతను 3.5కు దించుకున్నారు. గీతకు లోపలుంటే క్షేమమని కూడా చెప్పలేం, ఇంతవరకు పరవాలేదు అనదగ్గ మోతాదే సీసానికి లేదట. అది పిల్లల మెదడు మీద పని చేస్తుంది. జ్వరం రాదు, దద్దుర్లు లేవవు. నాలుగేళ్ల తర్వాత బడిలో టీచరు "మీ పాప ఒక్కచోట కుదురుగా కూర్చోదండీ, చదివింది గుర్తుండదు" అంటుంది. మనం పిల్లను తిడతాం.

"మందేమైనా?" అని అడిగాను. "సీసాన్ని బయటికి లాగే మందు 45 దాటిన పిల్లలకే ఇస్తాం. దీనికి మందు లేదమ్మా. ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కుని ఆపడమే వైద్యం" అన్నారు డాక్టరు గారు.

సరే, కనుక్కోవడం ఎవరి పని? ఆ ఒక్క ప్రశ్న కోసమే మీకు రాస్తున్నాను.

ఆ రాత్రి పాప పడుకున్నాక వంటింట్లో లైటు వేసి నిలబడ్డాను. రోజూ నేను మూత తీసి పెట్టే డబ్బాలే. ఒక్కోదాన్నీ దొంగను చూసినట్టు చూశాను. మా ఆయన వచ్చి "ఫోన్లో ఏదో చూసి భయపడ్తున్నవు" అన్నాడు. ఆయన తప్పు కూడా కాదు. ప్లాస్టిక్ బియ్యం, ప్లాస్టిక్ గుడ్లు అంటూ ఫోన్లో వచ్చే వీడియోలు చూసి చూసి మనకు అసలు భయానికీ ఉత్తుత్తి భయానికీ తేడా తెలియకుండా పోయింది. కానీ నా చేతిలో ఉన్నది వీడియో కాదు, రిపోర్టు.

మొదటి అనుమానం పసుపు మీద. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, ఎందుకంటే మా తాత పసుపు రైతు. సంక్రాంతి వెళ్లాక పసుపు తవ్వి, పెద్ద కడాయిల్లో ఉడకబెట్టి, కల్లంలో రెండు వారాలు ఆరబోసేవాళ్లు. ఆరిన కాడి, అంటే పసుపు కొమ్ము, గరుకుగా, మట్టి రంగులో ఉంటుంది. దాన్ని డ్రమ్ములో పోసి తిప్పితే పైపొట్టు రాలి రంగు బయటపడుతుంది. డ్రమ్ము తిరుగుతుంటే చుట్టుపక్కల చెట్ల ఆకులు కూడా పచ్చగా దుమ్ము పట్టేవి, మేం పిల్లలం తుమ్ముకుంటూ అక్కడే తిరిగేవాళ్లం. యార్డులో కొనేవాళ్లు కాడిని చేతిలోకి తీసుకుని విరిచి చూస్తారు, మెరుపు చూస్తారు. కల్లంలో వాన పడిందా, కాడి నల్లబడుతుంది, ధర పడిపోతుంది. మా తాత అలాంటి ఏడాది కిమ్మనకుండా తక్కువకే అమ్ముకొచ్చేవాడు.

అందరూ అలా ఊరుకోరు. నల్లబడ్డ కాడిని బంగారంలా మెరిపించడానికి కొన్నిచోట్ల పాలిష్ డ్రమ్ములో లెడ్ క్రోమేట్ కలుపుతారు. అది తిండి రంగు కాదు, రోడ్ల మీద గీతలకూ బండ్ల రంగులకూ వాడిన పసుపు పొడి. దాని బరువులో 64 శాతం సీసమే. ఇంటర్‌లో చదివిన కెమిస్ట్రీ ఇన్నాళ్లకు పనికొచ్చింది, మీరే లెక్క చూడండి. కిలో పసుపులో ఒక్క గ్రాము ఆ పొడి కలిపితే 640 పీపీఎం, అంటే కిలోకు 640 మిల్లీగ్రాముల సీసం అవుతుంది. మీ ప్రమాణం 10 పీపీఎం. అంటే 64 రెట్లు. కిలోకు గ్రాము అంటే చిటికెడు, కంటికి తేడా కూడా తెలియదు, కాస్త మంచి పసుపేమో అనిపిస్తుంది అంతే.

ఆ 10 పీపీఎం మాటకొస్తే ఇంకో లెక్కుంది. పిల్లల కడుపులోకి తిండి ద్వారా పోయే సీసం రోజుకు 2.2 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికాలో తిండినీ మందులనూ చూసే ఎఫ్‌డీఏ ఒక కొలమానం పెట్టుకుంది. మన చట్టం ఒప్పుకున్న పసుపులోనే గ్రాముకు 10 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు. మా పాప పప్పన్నంలోకి రోజుకు పావు గ్రాము పసుపు పోతే 2.5. కల్తీ లేకుండానే, నేరం లేకుండానే గీత దాటిపోయింది. ఈ హద్దును పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని మళ్లీ చూడమని ఢిల్లీకి రాయగలిగేది మీరు, నేను కాదు.

దక్షిణాసియాలో 23 నగరాల నుంచి 356 పసుపు నమూనాలు తెచ్చి పరీక్షించిన అధ్యయనం ఒకటి 2024లో వచ్చింది. వాటిలో 14 శాతంలో సీసం 2 పీపీఎం దాటింది. పట్నాలో దొరికిన పాలిష్ కొమ్ముల్లో 1000 పైనే ఉంది. మా నిజామాబాద్ పసుపు మీద నేను మాట పడనివ్వను. కానీ ఊరి పసుపు నిండుకున్నప్పుడు కిరాణా దుకాణంలో విడిగా కొన్న పొడి ఏ ఊరి కాడితో చేసిందో, ఎన్ని చేతులు మారిందో ఎవరు చెప్పగలరు?

ఇది ఆపలేని సంగతేమీ కాదు. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలొచ్చి పసుపు తడిసి రంగు పోయినప్పుడు ఈ పొడి కలపడం మొదలైందట. ఢాకాలోని శ్యామ్‌బజార్ టోకు మార్కెట్లో అధికారులు ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే చేతి యంత్రంతో దిగారు. తుపాకీలా ఉంటుంది, కొమ్ముకు ఆనించి మీట నొక్కితే కాసేపట్లో సీసం ఉందో లేదో చెప్తుంది. దొరికినవాళ్లకు అక్కడికక్కడే జరిమానా వేశారు, అది టీవీల్లో చూపించారు. సీసం బయటపడ్డ నమూనాలు 2019లో 47 శాతం. 2021కి సున్నా. మన పక్క దేశం రెండేళ్లలో చేసిన పని ఇది. 2025 సంక్రాంతి నాడు జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది కదా, ఆ యంత్రాలు నాలుగు యార్డుకు తెప్పిస్తే మా రైతులకు కూడా అది సర్టిఫికెట్టే అవుతుంది. తడిసిన కాడిని నిజాయితీగా తక్కువకు అమ్ముకున్న మా తాతలాంటివాళ్లకు అప్పుడైనా న్యాయం జరుగుతుంది.

పసుపు తర్వాత దేవుడి గూడు. మా నాయినమ్మ కుంకుమ ఇంట్లోనే చేసేది. పసుపులో సున్నం, నిమ్మరసం కలిపితే ఎర్రగా తిరిగేది, కొంచెం వంకాయ ముదురు రంగులో ఉండేది. ఇప్పుడు కొనే కుంకుమ మండే నిప్పులా ఉంటుంది. గంగసింధూరమైతే సీసంతో చేసే ఎర్రపొడికే పేరు. న్యూజెర్సీలోని దుకాణాల్లోనూ మన దేశంలోనూ కొన్న సింధూరం నమూనాలను అక్కడి విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో పరీక్షిస్తే అక్కడ కొన్నవాటిలో 19 శాతం, ఇక్కడ కొన్నవాటిలో 43 శాతం సీసం విషయంలో అమెరికా హద్దు అయిన 20 పీపీఎం దాటాయి. పాప నా ఒళ్లో కూర్చుని నా బొట్టు చెరిపి వేళ్లు నోట్లో పెట్టుకుంటుంది. ఆంజనేయస్వామి గుడికి పోయొస్తే నుదుటి మీద ఎంతుంటుందో బుగ్గల మీదా అంతే ఉంటుంది.

గిన్నెల సంగతి. అత్తమ్మ ఇత్తడి గిన్నెలో చారు కాస్తుంది, రుచి వేరంటుంది, నిజమే. దానికి ఏడాదికోసారి వీధిలోకి వచ్చే కళాయి ఆయనతో కళాయి పెట్టిస్తుంది. తిత్తితో బొగ్గులు రాజేసి, గిన్నె కాగాక నవాసాగరం చల్లి, తెల్లటి పొగలో దూదితో గిర్రున తిప్పుతాడు, గిన్నె లోపల వెన్నెల పరుచుకున్నట్టవుతుంది. చిన్నప్పటి నుంచి నోరు తెరుచుకుని చూసిన పని అది. ఆ కరిగింది అచ్చమైన తగరమైతే బంగారం లాంటి గిన్నె. కానీ తగరం ఖరీదు, సీసం చవక. సీసం కలిసిన ముక్క కూడా అంతే తెల్లగా కరుగుతుంది, అంతే మెరుస్తుంది. దాంట్లో చింతపండు పులుసు మరిగితే? ఇంకోటి, పప్పు వండే పాత సిల్వర్ గంజు. తుక్కు కరిగించి పోసే అల్యూమినియంలో సీసం ఉండే అవకాశముంది. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో ఆఫ్ఘన్ కాందిశీకుల పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా కనిపిస్తే ఆరోగ్య శాఖ వాళ్లు వాళ్ల వంటింట్లోకి పోయి చూశారు. సీసం ఉన్న కొన్ని అల్యూమినియం గిన్నెలు, కుక్కర్లు దొరికాయి. వాటిలో మన దేశంలో చేసినవీ ఉన్నాయి.

చివరికి కిటికీ. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మేముండే ఇల్లు అంతకు ముప్పై ఏళ్ల ముందుది. చువ్వల మీద ఆకుపచ్చ రంగు, కింద నీలం, దాని కింద ఇంకేదో ఇటుక రంగు. దసరా ముందు ఓనరు గారు మంచి మనసుతోనే రంగులేయించారు. పెయింటర్ రెండు రోజులు సాండ్‌పేపర్‌తో చువ్వలు రుద్దాడు. ఆ దుమ్ము నేను పొడి చీపురుతో ఊడ్చాను. తడిగుడ్డతో తుడవాలని, ఆ రెండు రోజులు పిల్లను ఇంట్లో ఉంచకూడదని నాకు చెప్పినవాళ్లు లేరు.

ఇప్పుడు చెప్పండి, దొంగ ఎవరు?

నాకు తెలియదు కాబట్టి అన్నిటినీ ఒకేసారి వెలివేశాను. పసుపు మార్చాను, కుంకుమ, సింధూరం, కాటుక ఎత్తిపెట్టాను, ఇత్తడి గిన్నె, సిల్వర్ గంజు అటకెక్కాయి, స్టీలు గిన్నెలు దిగాయి. అత్తమ్మ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. కిటికీకి పాప చెయ్యందనంత ఎత్తు దాకా అట్టలు కట్టాను. ఐరన్ మందు, పాలు, రాగి జావ మానలేదు, ఎందుకంటే ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువుంటే సీసం ఎక్కువ పీల్చుకుంటుందట. పెద్దవాళ్ల కంటే పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ పీలుస్తుంది. మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత ఉందని 2019-21 నాటి కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ 70 శాతం మంది ఒళ్లు సీసానికి తలుపు తెరుచుకుని కూర్చున్నట్టే కదా.

మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే 5.4 వచ్చింది. తగ్గింది. దేనివల్ల తగ్గిందో తెలియదు. అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. నేను పసుపు కొన్న దుకాణంలోనే మా గల్లీ అంతా కొంటుంది. అది పసుపైతే వాళ్లకు చెప్పాలి. కాకపోతే ఆ దుకాణదారు పొట్ట కొట్టినదాన్నవుతాను. కళాయి ఆయనైతే మరీ పేదవాడు. రుజువు లేకుండా ఎవరి పేరెత్తను?

మీ దగ్గరికి రావడానికి దారి ఉందేమోనని చట్టం చూశాను. 2006 ఆహార భద్రత చట్టంలో 40వ సెక్షన్ ఉంది. కొనుక్కున్నవాళ్లు ఎవరైనా రుసుము కట్టి ఆహార పదార్థాన్ని ప్రభుత్వ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. సంతోషించాను. కింద ఇంకో మాటుంది. "దీన్ని పరీక్షకు పంపుతున్నాను" అని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పి కొనాలట! పావుకిలో పసుపు అడుగుతూ ఆ మాట అంటే నాకు ఏ పసుపు ఇస్తాడో మీకు నేను చెప్పాలా? పైగా నా దగ్గరున్నది అప్పటికే సగం వాడిన పొడి. ఇక కుంకుమ తిండి వస్తువు కాదు, అది మందుల నియంత్రణ వాళ్లది. రంగు పర్యావరణ శాఖ నిబంధన. గిన్నెలు ఇంకెవరో. సీసం మాత్రం ఈ శాఖలన్నీ దాటుకుని వచ్చి ఒక్క పిల్ల రక్తంలో కలిసింది.

మా చిన్నాయన బిడ్డ న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటుంది. అక్కడ ఏడాది నిండగానే ఒకసారి, రెండేళ్లకు ఇంకోసారి ప్రతి పిల్లకూ సీసం పరీక్ష చేయాలన్నది చట్టం. ఎక్కువ వస్తే స్థానిక ఆరోగ్య శాఖ వాళ్లే ఇంటికొచ్చి వెతుకుతారు. దాని కొడుక్కి చేశారు, తక్కువే వచ్చింది. "అక్కా, పసుపు ఇక్కడ కూడా మన నాయినమ్మ పంపిందే" అని నవ్వింది. ఒకే కల్లంలో ఆరిన పసుపు తిన్న ఇద్దరు పిల్లలు. ఒకడికి అడక్కుండానే పరీక్ష, ఇంకోదానికి డాక్టరు గారికి అనుమానం వచ్చింది కాబట్టి పరీక్ష. ఆయన ఆ రోజు కలం మూత పెట్టేసి ఉంటే?

నా ఒక్కదాని గోల అనుకుంటారేమో. రక్తంలో 5 దాటిన పిల్లలు మన దేశంలో 27.5 కోట్ల మంది ఉంటారని యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లోనే లెక్క గట్టాయి. అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయినప్పుడు ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, పేపర్లన్నీ సీసం గురించే రాశాయి. తర్వాతి పరీక్షలు పురుగుమందుల వైపు చూపించాయి, సీసం మాట అక్కడితో మరుగున పడింది. జనం రోడ్డు మీద పడిపోయారు కాబట్టి ఢిల్లీ కదిలింది. నల్లగొండలో ఫ్లోరైడ్ ఎముకల్ని వంచింది కాబట్టి కళ్లకు కనబడింది. 8.2 ఉన్న పిల్ల పడిపోదు, వంగిపోదు. ఆడుకుంటూనే ఉంటుంది.

పిల్లల ఆరోగ్యం చూడటానికి అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందాల జబ్బుల జాబితాలో సీసం లేదు. చేర్చండి. ఉన్నపళంగా అందరికీ కుదరదంటే, రక్తహీనత ఉండి మట్టి తినే పిల్లలతో మొదలుపెట్టండి. వాళ్లకు ఎలాగూ సూది గుచ్చుతున్నారు, ఇంకో చుక్క. హద్దు దాటిన పిల్ల ఇంటికి ఆ ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం పట్టుకుని ఒక్క మనిషి రావాలి. పసుపు ఎవరిది, కుంకుమ ఎవరిది అని శాఖలు చూసుకోకుండా ఇల్లంతా చూసి, దొంగ ఇదీ అని చెప్పి పోవాలి. ఏ బజారు పసుపులో ఎంతుందో నెలనెలా పేపర్లో వేయండి, బాగున్నవి కూడా వేయండి.

అప్పటిదాకా నాకు ఒక్క సాయం చేయండి. మా బీరువా మీద చెప్పుల డబ్బా ఒకటుంది. దాంట్లో ఆరు కవర్లు, ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో పేరు, తేదీ రాసి పెట్టాను: ఊరి పసుపు, దుకాణం పసుపు, కుంకుమ, సింధూరం, కాటుక, కిటికీ పెచ్చులు. అటక మీద గోనెసంచిలో రెండు గిన్నెలున్నాయి. అత్తమ్మ రోజూ అడుగుతోంది, వాటిని దింపాలా, తుక్కుకు వేయాలా అని. ఏ ఆఫీసు, ఎన్నో నంబరు కిటికీ, ఏ రోజు రావాలో చెప్తే ఆటోలో వేసుకుని నేనే తెస్తాను. రుసుము ఎంతైనా కట్టుకుంటాను.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక తల్లి